ఊరుకుంటే ఒప్పుకున్నట్టే

జూన్ 3

వదినా,

నువ్వు దొంగవి.

ఇంకాస్త మెత్తటి మాట దొరుకుతుందేమోనని టీ చల్లారేదాకా వెతికాను. దొరకలేదు. పట్టపగలు, సంతకం పెట్టి, ఏడు కంపెనీల ముద్రలు గుద్ది, ఇరవై ముగ్గురు ఆడవాళ్ళ ముందున్న బల్లలు లాగేసుకునే మనిషిని ఏమంటారో నీకు తెలిస్తే రాసి పంపు, దిద్దుకుంటాను.

నిన్న పొద్దున మా షెడ్డు తలుపుకి కాగితం అంటించి పోయారు. "స్థానిక మహిళలకు సాంకేతిక నైపుణ్యాలు నేర్పే ఆవిష్కరణ కేంద్రం ఏర్పాటు నిమిత్తం ఈ షెడ్డును జూలై పదిహేనులోపు ఖాళీ చేయవలెను." కింద 'అధ్యక్షురాలు, సాంకేతిక సంస్థల కూటమి' అని నీ సంతకం.

అది అంటించే సమయానికి లోపల ఏం జరుగుతోందో తెలుసా? స్థానిక మహిళలు సాంకేతిక నైపుణ్యాలు నేర్చుకుంటున్నారు. నలుగురు సర్క్యూట్ బోర్డులకి టంకం పెడుతున్నారు, ఇద్దరు కాలిపోయిన పంపు మోటారుకి తీగ చుడుతున్నారు, మిగతావాళ్ళు నేను బోర్డు మీద వేసిన బొమ్మలో తప్పు పట్టుకుని నన్ను ఏడిపిస్తున్నారు. మోటార్ల అక్క కళ్ళజోడు పెట్టుకుని నోటీసు రెండుసార్లు చదివింది. "మేడమ్, మనల్ని వెళ్ళగొట్టి మనకే నేర్పిస్తారటండీ" అంది. అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆగస్టు ఇరవైన వాళ్ళకి సర్టిఫికెట్ పరీక్ష. గుర్తింపు ఉన్న వర్క్‌షాపులో, నేర్చుకున్న బల్ల మీదే చేసి చూపించాలి. షెడ్డు లేకపోతే గుర్తింపు లేదు, గుర్తింపు లేకపోతే పరీక్ష లేదు. కాగితం చేతికొస్తే మోటార్ల అక్కకి పంపుల వర్క్‌షాపులో పని ఖాయమన్నారు. ఆవిడకి నలభై ఏడేళ్ళు. మళ్ళీ ఏడాదికి చూద్దాంలే అని చెప్పమంటావా? రా, నువ్వే చెప్పు.

ముందు నీకు ఫోన్లోనే మెసేజ్ పెట్టాను. అర నిమిషంలో జవాబొచ్చింది. "మీ ఆవేదన మాకు అర్థమైంది. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది." పక్కన నవ్వు మొహం బొమ్మ. పాతికేళ్ళుగా నన్ను 'ఒసేయ్ పేచీ' అని పిలిచిన మనిషి 'మీరు' అంటుందా? అది నువ్వు కాదు, నీ జవాబుల మిషను. అందుకే కాగితం మీద రాస్తున్నాను. టపాకి మూడు రోజులు పడితే పట్టనీ. నీ మిషనుకి కవరు చింపడం రాదు.

అన్నయ్య మీ హాల్లో ఫ్యాను విప్పి మళ్ళీ బిగించాడు. మూడు మరలు మిగిలాయి. అవి అనవసరమైనవని ఆయన ఉద్దేశం.

కోపం తగ్గకుండానే ముగిస్తున్న
నీ ఆడపడుచు


జూన్ 7

ఒసేయ్ పేచీ,

ఇదిగో, నేనే. చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మిషను కాదని రుజువు అనుకో.

దొంగనన్నావు. సరే. పెళ్ళైన కొత్తలో నీ పసుపుపచ్చ చీర నేను కట్టుకెళ్ళాననుకుని కూడా అదే మాటన్నావు, తర్వాత అది నీ పెట్టెలోనే దొరికింది. నీ ఆరోపణలన్నీ చీర దొరక్కముందు చేసేవే.

ఇప్పుడు విను. ఆ కాగితం సంగతి నాకు నీ ఉత్తరం చూశాకే తెలిసింది. కూటమి కాగితాల మీద నా సంతకం మిషనే వేసేస్తుంది. కొత్త శాఖ తెరవాలని వచ్చి ఈ అతిథి గృహంలో పడి ఉన్నాను, కిటికీ తీస్తే ఎదుటివాళ్ళ కిటికీ. జూలై ఆఖరుకి గానీ రాను. పాత మెయిళ్ళు తిరగేసి చూశాను. ప్రతిపాదనలో ఉన్నది "వీధి వెనక నిరుపయోగంగా ఉన్న షెడ్డు" అని. అంటే పావురాలు కాపురమున్న పాత జనరేటర్ గది అనుకున్నాను. నీ షెడ్డుని నిరుపయోగం అనుకునే మనిషి మన వీధిలో ఉంటాడని నా ఊహకి అందలేదు.

కూటమి పని ఎలా జరుగుతుందో చెప్తాను, తిట్టేముందు తెలుసుకో. ఒకరి గేటు ముందు ఇంకొకరి కారు ఆగితే కోర్టుకెళ్ళిన ఏడుగురు యజమానుల్ని ఒక్క చోట కూర్చోబెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. వాళ్ళు ఏడాదికోసారి కూడా ఒక గదిలో కలవరు. అందుకని ఒక నిబంధన పెట్టుకున్నాం. ఎవరైనా ప్రతిపాదన పంపితే రెండు రోజులు చూస్తాం. ఆలోపు ఎవరూ వద్దనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. అలాగే పనులు కదిలాయి. నువ్వు ముప్పై ఏళ్ళుగా పత్రికలకి ఉత్తరాలు రాస్తున్నావు, ఆ ఉత్తరాల వల్ల మన వీధిలో ఒక్క దీపమైనా వెలిగిందా? మేం మూడు నెలల్లో ఏడు దీపాలు వేయించాం. మమ్మల్ని తిడుతూ రాసుకోవడానికి నీకు వెలుతురిచ్చిందీ మేమే.

ఇంకో సంగతి. కాస్త కూర్చుని చదువు. కూటమిలో ఏడుగురం కాదు, ఎనిమిది మందిమి. ఎనిమిదో సభ్యురాలు 'సమాజ ప్రతినిధి'. అది నువ్వు. షెడ్డు ప్రతిపాదన నీక్కూడా వచ్చింది. రెండు రోజులు గడిచాయి. నువ్వు వద్దనలేదు.

కాబట్టి ఆ షెడ్డు ఖాళీ చేయడానికి ఒప్పుకున్నవాళ్ళలో నువ్వూ ఉన్నావు. దొంగల్లో నీ వాటా ఎంతో చెప్పు, పంచుకుందాం.

మీ అన్నయ్యని ఫ్యాను కింద కూర్చోవద్దని చెప్పు.

నీ వదిన


జూన్ 11

వదినా,

నీ ఉత్తరం చదివి ఒంటికాలి మీద లేచాను. ఇంకా కూర్చోలేదు, నిలబడే రాస్తున్నాను.

నేను సభ్యురాలినా? ఎప్పట్నించి? అడిగితే తేలింది. పోయినేడు మీరు దీపాలు వెలిగించిన రోజు, దారిన పోతున్న నన్ను చెయ్యి పట్టి లాగి ఫోటోలో మధ్యన నిలబెట్టారు చూడు, అక్కడ. చేతిలో కూరగాయల సంచీ, నోరు సగం తెరిచి ఉంది. ఆ తెరిచిన నోరే సమాజ ప్రతినిధి అయిందన్నమాట. నా పేరు మీద మెయిల్ తెరిచింది అన్నయ్య. నిలదీస్తే నీళ్ళు నమిలాడు. "ఏవో ప్రకటనలనుకున్నానే, అన్నీ ఒక పక్కన జాగ్రత్తగా పెట్టాను" అన్నాడు. జాగ్రత్తగా పెట్టినవి రెండొందల పద్నాలుగు. ఒక్కటీ తెరవలేదు.

అంటే ఏడాదిగా నేను రెండొందల పద్నాలుగు సార్లు నోరు మూసుకున్నాను, మీరు రెండొందల పద్నాలుగు సార్లు దాన్ని అవునని రాసుకున్నారు. వదినా, నా జీవితంలో నేను మౌనంగా ఉన్నది ఆ ఒక్క చోటే, అదీ నాకు తెలియకుండా!

ఊరుకున్నవాడు ఒప్పుకున్నాడని ఎవడు చెప్పాడు? మనిషి ఊరుకోవడానికి వంద కారణాలుంటాయి. వినపడక ఊరుకుంటాడు. భయపడి ఊరుకుంటాడు. చెప్పీ చెప్పీ విసిగి ఊరుకుంటాడు. పని మీద ఉండి ఊరుకుంటాడు. మా షెడ్డులో టంకం పెట్టేటప్పుడు ఎవరూ మాట్లాడరు, నోట్లోకి పొగ పోతుందని. దాన్నీ అంగీకారం కిందే రాసుకుంటారా? మీ ఏడుగురూ కలిసి సమాజానికి మేలు చేస్తామంటారు. సమాజమంటే ఎవరు? మీ లిఫ్టు తలుపు మూసుకునేలోపు సందులోంచి కనపడే మనుషులా?

దీపాల సంగతీ ఎత్తావు. ఏడు దీపాలూ ఏడు గేట్ల ముందే వెలుగుతున్నాయి. షెడ్డు ముందు స్తంభం ఉంది, బల్బు లేదు. మేం ఆ వెలుతురు చివర నిలబడి నీకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాం.

ఇంకొకటి కూడా తెలిసింది. మా షెడ్డుని 'చెత్త గుట్ట' అన్నావట. అన్నయ్యే చెప్పాడు. అడిగినదానికి, అడగనిదానికి కూడా ఆయనే చెప్తాడు. ఈ మాట మాత్రం నాకు గుచ్చుకుంది.

నోటీసు వెనక్కి తీసుకో. లేకపోతే నాక్కూడా సభ్యత్వం ఉందని నువ్వే గుర్తు చేశావు. మీ నిబంధనల పుస్తకం అన్నయ్య చేత అచ్చు తీయించాను. పదకొండు పేజీలు. రెండుసార్లు చదివాను. నీ కూటమిలో అది చదివిన మొదటి సభ్యురాలిని నేనేనని నా అనుమానం.

సమాజ ప్రతినిధి
(ఇప్పుడు నిజంగానే)


జూన్ 15

పేచీకి,

చెత్త గుట్ట అన్నది మీ అన్నయ్య పనిముట్ల బీరువాని. వీడియో కాల్లో ఆయన షెడ్డు గురించి ఏదో చెప్తున్నాడు, నేను వెనక బీరువా చూసి అన్నాను. ఆయన రెండూ కలిపి నీకు వడ్డించాడు. పాతికేళ్ళ కాపురంలో నా మాట నా మాటలా బయటికి చేరిన రోజు లేదు.

నోటీసు వెనక్కి తీసుకోవడం నా ఒక్కదాని చేతిలో లేదు. పాసైనదాన్ని రద్దు చేయాలంటే కొత్త ప్రతిపాదన పాసవ్వాలి. ఆరుగురితో ఒక్కొక్కరికే నెమ్మదిగా చెప్పి ఒప్పిద్దామని మొదలుపెట్టాను. నీ కోసమే, ఆ ఇరవై ముగ్గురి కోసమే.

నువ్వేం చేశావు? నాలుగో కంపెనీ గేటు మూసేయించావు! నిన్న కూటమి రిపోర్టు వచ్చింది. "షెడ్డు మహిళలు పనిముట్లతో నాలుగో కంపెనీ గేటు వద్ద గుమిగూడారు. గేటు పనిచేయలేదు. రెండు వందల మంది ఉద్యోగులు బయట నిలిచిపోయారు." ఆ కంపెనీ పెద్దమనిషి ఉన్నాడే, మాటకి ముందు విజన్, మాటకి వెనక విజన్, ఆ విజన్ గారు, అందరికంటే ముందు ఒప్పుకుంటాడనుకున్నాను. ఇప్పుడు ఆయన దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

నీకు గెలవడం కన్నా పోట్లాడటం ఇష్టం. ఎప్పుడూ అంతే. అవతలివాడు సగం ఒప్పుకుంటుంటే నీకు నిరాశ, ఇంక తిట్టడానికి ఏం మిగల్లేదని.

నీ మీద నిజంగా కోపంగా ఉన్నాను. నవ్వు మొహం బొమ్మ లేదు, చూసుకో.

వదిన


జూన్ 20

నా మీద కోపంగా ఉన్న వదినకు,

ఆ రిపోర్టు రాసింది ఎవరు? మనిషా, మిషనా? మనిషే అయితే కళ్ళు చూపించుకోమను. జరిగింది ఇది.

పదమూడో తారీఖు ఉదయం తొమ్మిదిన్నర. నాలుగో కంపెనీ గేటు కార్డు తాకిస్తే తెరుచుకునే రకం కదా. ఎంత తాకించినా తెరుచుకోలేదు. మెడలో కార్డులు వేలాడేసుకున్న రెండొందల మంది ఎండలో. బాగుచేసే కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే "మీ సమస్య మాకు ముఖ్యం" అని పాట వినిపించారట. విజన్ గారు కార్లోంచి దిగి గేటుని చూస్తూ నిలబడ్డారు. గేటు ఆయన విజన్‌లో లేదు.

వాచ్‌మన్ సందులోంచి మా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, కొంచెం చూడరా, సారు నన్నే చూస్తున్నారు, తెరవనిది నేనే అన్నట్టు!"

మోటార్ల అక్కా, ఇంకో నలుగురూ పెట్టె పట్టుకుని వెళ్ళారు. విజన్ గారు "మీరెవరమ్మా?" అన్నారు.

"వెనక షెడ్డోళ్ళమండీ."

"వెనక షెడ్డుందా?"

"జూలై పదిహేను దాకా ఉందండీ" అంది అక్క.

మూత విప్పి చూస్తే మోటారు నిక్షేపంగా ఉంది, బోర్డులో ఒక టంకం ఊడింది. ఇరవై నిమిషాల్లో గేటు తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టి లోపలికి పోయారు. వీళ్ళ పేరైనా ఎవరూ అడగలేదు. ఆ సంగతి మీ మిషను చేతిలో పడేసరికి గేటు తెరిచినవాళ్ళే గేటు మూసినవాళ్ళయ్యారు. నువ్వు దాన్ని నమ్మి నన్ను తిట్టావు. పాతికేళ్ళ పేచీని అడగకుండా పాతిక సెకన్ల మిషనుని నమ్మావు. ఇది మాత్రం నేను మర్చిపోను, అయినా ఆ బీరువా మాట నేను నమ్మినట్టే నువ్వూ నమ్మావు కాబట్టి చెల్లుకి చెల్లు అనుకుందాం.

ఇప్పుడు ఇంకో చిన్న విషయం. కోప్పడకు. కోపంగానే ఉన్నావు కాబట్టి కొత్తగా పడేదేం లేదు.

మీరెవరైనా ఆ మెయిళ్ళు చదువుతారా లేదా అని నాకు సందేహం వచ్చింది. పరీక్షించాను. మీ పద్ధతి ప్రకారమే, 'విషయం: సమాజ అనుసంధానం' అని పెట్టి, పదిహేడున ఒక ప్రతిపాదన పంపాను. "ఏడు సంస్థల అధినేతలు ప్రతి మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు షెడ్డుకు స్వయంగా వచ్చి, నేల ఊడ్చి వెళ్ళవలెను."

నిమిషం తిరక్కముందే ఏడు జవాబులొచ్చాయి. ఏడూ ఒక్క పోలికే, ఒకే తల్లి పిల్లల్లా. "అద్భుతమైన ఆలోచన! దీనికి మా పూర్తి మద్దతు ఉంటుంది." నీది మూడోది. నీ మిషను ఆశ్చర్యార్థకాలు రెండు పెట్టింది.

నిన్నటితో రెండు రోజులైపోయాయి. పాసైంది.

అన్నయ్య మిగిలిన మరలతో ఫ్యాను కింద కూర్చుని ఇదంతా చదివి దొర్లి దొర్లి నవ్వాడు. నీ దగ్గర మాత్రం "తప్పు కదూ" అంటాడు, నమ్మకు.

గేటు తెరిచినవాళ్ళ తరఫున
పేచీ


జూన్ 24, మంగళవారం

ఒసేయ్,

పొద్దున ఏడున్నరకి ఫోన్ మోగింది. కేలండర్. "ఎనిమిది గంటలకు: షెడ్డు ఊడ్చుట." పక్కన చీపురు బొమ్మ కూడా పెట్టింది. పళ్ళు తోముకుంటూ ఆ అక్షరాలు నాలుగుసార్లు చదివాను. నీ ఉత్తరం నిన్ననే వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నాకు పిచ్చి పట్టిందనుకునేదాన్ని.

నువ్వు దీన్ని ఆట అనుకున్నావు. తర్వాత ఏమైందో తెలుసా? ఆ కేలండర్ ఎటు పొమ్మంటే అటు పోయే మనుషులే మా వాళ్ళు. అయిదు నిమిషాలు తిరక్కముందే విజన్ గారు ఫోన్ చేశారు. "మేడమ్, చీపురు మనం తెచ్చుకోవాలా, వాళ్ళే ఇస్తారా, ఇందులో రాయలేదు" అన్నారు. ఇంకొకాయన డ్రైవర్‌ని పంపుతానంటే "స్వయంగా అని ఉందండీ" అని ఈయనే చెప్పారట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

గేటు విషయంలో నాదే తప్పు. వాచ్‌మన్‌తో మాట్లాడాను, నువ్వు రాసినట్టే చెప్పాడు, మోటార్ల అక్కకి నా తరఫున దండం పెట్టమని కూడా చెప్పాను. నువ్వు కూడా చెప్పు.

కానీ ఒక మాట విను, వేళాకోళం పక్కన పెట్టి. ఆ షెడ్డు రేడియోల ఫ్యాక్టరీగా ఉన్నప్పుడు నేను టంకం పట్టడం నేర్చుకుంది అక్కడే. మూడో కిటికీ కింద బల్ల నాది. ఒకరోజు పొద్దున వెళ్ళేసరికి తలుపుకి కాగితం అంటించి ఉంది. అప్పుడూ ఎవరూ మమ్మల్ని అడగలేదు. ఆ రోజే అనుకున్నాను, ఈ వీధిలో తలుపు మూసేవాళ్ళు ఒక్కొక్కళ్ళుగా ఉంటారు, తెరిచేవాళ్ళు కలిసి ఉండాలి అని. కూటమి పెట్టింది అందుకు. ఇప్పుడు అదే తలుపుకి నా సంతకంతో కాగితం అంటిందంటే నువ్వు దొంగ అన్నది చిన్నమాటే. రోజుకి నాలుగొందల మెయిళ్ళు వస్తుంటే జవాబులు మిషనుకి అప్పజెప్పాను. ఏ నాలుగొందల్లో ఏ ఇరవై ముగ్గురున్నారో చూడలేదు. తప్పు నాదే.

అయినా నువ్వు ఆట కట్టిపెట్టు. ఈ నవ్వులాట బయటికి పొక్కితే ఆరుగురూ సిగ్గుపడి విడిపోతారు, అప్పుడు షెడ్డుని కాపాడటానికి నాకు కూటమే ఉండదు. నీకేం కావాలో రాయి. తిట్లు కాదు. ఉపన్యాసం కాదు. జాబితా. ఒకటి, రెండు, మూడు అని. తీరిగ్గా చదివి, నేనే అందరి ముందూ పెడతాను. కూటమికి పంపకు, ముందు నాకు పంపు.

చీపురు చేతికి రాకుండా తప్పించుకున్న
వదిన


జూన్ 28

వదినా,

ఈసారి కూర్చునే రాస్తున్నాను.

మంగళవారం ముగ్గురొచ్చారు. ఇద్దరు గుమ్మంలోనే ఫోటో తీసుకుని, దుమ్ము పడదని వెళ్ళిపోయారు. విజన్ గారు మాత్రం చొక్కా చేతులు మడిచారు. కొత్త చీపురు, ఇంకా ధర చీటీ వేలాడుతోంది. తలుపు దగ్గర మొదలుపెట్టి లోపలికి ఊడుస్తున్నారు. మోటార్ల అక్క చూసి చూసి ఆగలేకపోయింది.

"సారూ, మూల నుంచి తలుపు వైపుకి ఊడవాలండీ. మీరు వీధిని లోపలికి తెస్తున్నారు."

"సారీ అమ్మా." మూలకి వెళ్ళారు. ఆ మూలలోనే వాళ్ళ కంపెనీ పేరున్న అట్టపెట్టెలు కనపడ్డాయి. ఒకటి తెరిచారు. సర్క్యూట్ బోర్డులు. "ఇవి మేం పాడైపోయాయని పారేసినవి కదా?"

"అవునండీ. అరవై. యాభై ఒకటి బాగుచేశాం. తొమ్మిదింటికి చిప్పు దొరకలేదు."

ఆయన ఒక బోర్డు తీసి మా బల్ల మీద మీటరు పెట్టించుకుని స్వయంగా చూశారు. పచ్చ దీపం వెలిగింది. ఇంకోటి. అదీ వెలిగింది. "వీటి బదులు కొత్తవి వచ్చేదాకా రెండు నెలలు కూర్చున్నాం" అన్నారు. ఆ తర్వాత కాస్త కోపంగానే అడిగారు, "మరి మాకు ఎవరూ చెప్పలేదేమమ్మా?"

"మూడుసార్లు రాశామండీ" అంది అక్క. "మీ మిషను అద్భుతమైన ఆలోచన అంది."

ఆయన మళ్ళీ మాట్లాడలేదు. షెడ్డంతా ఊడ్చారు. ఆ ఊరుకోవడాన్ని నేను అంగీకారంగా రాసుకోలేదు, నువ్వు గమనించాలి. మర్నాడు వెళ్ళి అడిగాను. షెడ్డు ఉండాలని అప్పుడు ఒప్పుకున్నారు.

నువ్వు చెప్పింది నిజమే. నాకు పోట్లాడటం అలవాటైపోయింది. అవతలివాడు చీపురు పట్టుకుంటే ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు. అయినా నా కోపం తప్పని మాత్రం అనను. ఆ చీపురు ఆయన చేతికి వచ్చింది నా కోపం వల్లేగానీ మీ పదకొండు పేజీల వల్ల కాదు.

నీ బల్ల గురించి. మూడో కిటికీ కింద ఇప్పుడు మోటార్ల అక్క కూర్చుంటోంది. నీ ఉత్తరం చదివి వినిపించి, బల్ల తిరగేసి చూశాం. మేకుతో గీకిన అక్షరాలున్నాయి. అన్నయ్య పేరు. దాని పక్కనే ఇంకో మగమనిషి పేరు, ఇంకాస్త లోతుగా. రెండోదాని సంగతి అన్నయ్యకి చెప్పలేదు. ఈ విషయంలో నా మౌనాన్ని ఎలా అర్థం చేసుకుంటావో నీ ఇష్టం.

జాబితా అడిగావు. కింద ఉంది. కూటమికి మెయిల్ చేయలేదు, మాట నిలబెట్టుకున్నాను. విజన్ గారికి మాత్రం చేతికిచ్చాను. ఆయన కళ్ళతో చదివి, రెండోదాంట్లో ఒక మాట చేర్చమన్నారు, చేర్చాను. నీకూ, మిగతా ఐదుగురికీ ఈ రోజే టపాలో వేస్తున్నాను. ఐదుగురూ వీధికి అటుపక్కే ఉన్నారు, అయినా టపానే. మీ పుస్తకం ఆరో పేజీ చూడు, రెండు రోజుల గడువు పంపిన రోజు నుంచి లెక్క. చేరిన రోజు నుంచి కాదు. మన టపాకి మూడు రోజులు పడుతుందని నీకు తెలుసు.

నీ ఆడపడుచు,
ఎనిమిదో సభ్యురాలు

డిమాండ్లు:

1. జూలై పదిహేను నోటీసు రద్దు చేయాలి. ఆగస్టు ఇరవై పరీక్ష షెడ్డులోనే, ఉన్న బల్లల మీదే జరగాలి.

2. ఏడు కంపెనీల్లో ఏది పాడైనా ముందు షెడ్డుకి రావాలి. ఇక్కడ కాదంటేనే కొత్తది కొనాలి. (విజన్ గారు చేర్చింది: మేం వారంలోపు తేల్చి చెప్పాలి. సరే.)

3. వైర్లు, స్విచ్చులు, మరలు వెనక సందు దుకాణాల్లో దొరికినంతవరకూ అక్కడే కొనాలి.

4. ఎనిమిదో దీపం. స్తంభం ఉంది, బల్బు పెట్టండి.

5. ఆవిష్కరణ కేంద్రం జనరేటర్ గదిలో పెట్టాలి. పావురాలకి నోటీసు ముందుగా చదివి వినిపించాలి. నేర్పేవాళ్ళలో మోటార్ల అక్క ఉండాలి, జీతంతో.

6. కూటమిలో మిషన్లకి ఓటు లేదు. అద్భుతం అనదలచుకున్నవాళ్ళు వచ్చి చూసి అనాలి.

7. అన్నయ్య దగ్గరున్న స్క్రూడ్రైవర్ స్వాధీనం చేసుకోవాలి. ఫ్యాను నిన్న కింద పడింది. ఆయన బాగానే ఉన్నాడు, కుర్చీ లేదు.

8. మంగళవారం ఊడవడం కొనసాగాలి. నువ్వు వచ్చాక మొదటి వంతు నీది. మూల నుంచి తలుపు వైపుకి.

9. పైవన్నీ పాసైన మరుక్షణం రెండు రోజుల నిబంధన రద్దు. ఆ తర్వాత ఎవరైనా ఊరుకుంటే, వెళ్ళి అడగాలి.